విత్తనపు గాదె

మా నాయనమ్మ చదివినది పెద్దబాలశిక్ష వరకే. అయినను కోనసీమలోని మా ఊరిలో పురుడు వచ్చినా, తగవు వచ్చినా ముందుగా మా గుమ్మమే తొక్కెడివారు. ఐదుగురు బిడ్డల తల్లి; ఊరికంతటికీ మామ్మగారు.

1986 ఆగస్టులో గోదావరి పొంగినది. ధవళేశ్వరము వద్ద ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులకు చేరినది. నాకప్పుడు ఆరేండ్లు. ఎగువన ఏటిగట్టు తెగి, పల్లపువీధివారందరు మా ఎత్తరుగుల మీదికి చేరిరి. మూడవనాటికి ఇంట బియ్యము నిండుకొన్నవి. నాయనమ్మ విత్తనపు గాదె తెరిపించినది.

“చేలు మునిగినవి. మరల నారు పోయవలదా?” అని తాతగారు అడ్డుపడిరి.

“విత్తనము అప్పు తేవచ్చునండీ. ఈ పసివాండ్ర ఆకలి రేపటికి ఆగునా?” అన్నది.

ఆ రాత్రి తెల్లవార్లూ రోకటిపోట్లు; వెలుపల వరద హోరు. ఆ రెండు చప్పుళ్లును నాకింకను చెవులలో ఉన్నవి.

తాతగారి మాటలో న్యాయము లేకపోలేదు. విత్తనము అప్పు పుట్టలేదు. ఆ సార్వాకు మా చేను బీడుపడినది. కుదిరిన మా చిన్నత్త పెండ్లి తప్పిపోయినది. రెండేండ్లకు మరియొక సంబంధము వచ్చినపుడు నాయనమ్మ తన మురుగులు అమ్మించినది. గాదె సంగతి మాత్రము ఒక్కనాడును సమర్థించుకొనలేదు.

ఆమె పోయిననాడు పాడె మోయుటకు పల్లపువీధివారు పోటీపడిరి. చిన్నత్త మాత్రము, ఆ వరద మాట వచ్చినచో, నేటికిని లేచి వంటయింటిలోనికి పోవును.