జకాత్: సంపదలో పేదవాని వాటా

రంజాన్ మాసము చివరి దినములలో హైదరాబాదు పాతబస్తీ వీథులలో నడచినవారికి ఈ దృశ్యము పరిచితమే. ఒక కలవారి వాకిట స్త్రీలు, వృద్ధులు, పసివారు బారులు తీరి నిలిచియుందురు. లోపలినుండి వచ్చిన చేయి చిల్లరయో, చిన్న నోట్లో పంచిపెట్టుచుండును. “జకాత్ పంచుచున్నారు” అని చూచువారు చెప్పుకొందురు. ఇచ్చువారి సద్భావమును శంకింపనక్కరలేదు. కాని ఆ ఇచ్చినదానితో జకాత్ చెల్లినదా, లేదా అని తెలియవలెనన్నచో ఆ చేతిని చూచిన చాలదు. ఆ ఇంటి పద్దుపుస్తకమును చూడవలెను.

జకాత్ అను అరబ్బీ పదమునకు శుద్ధి యనియు, వృద్ధి యనియు అర్థములు కలవు. ఇస్లాము మతమునకు మూలస్తంభములైన అయిదు విధులలో ఇది యొకటి. మనము సామాన్యముగా దీనిని ‘దానము’ అని తెలిగించుచున్నాము. ఆ మాట ఇచట పొసగదు. దానము దాత ఇష్టము, ఈయవచ్చును, మానవచ్చును. అట్టిదానికి ఇస్లాములో సదకా అను పేరు వాడుకలో నున్నది. జకాత్ అట్లు కాదు. ధనవంతుని సొమ్ములో బీదవానికి గల భాగమును ఖురాన్ హక్కుగానే పేర్కొన్నది. ఉమ్మడి ఆస్తిలో భాగము గలవానిని మనము పాలివాడందుము. జకాత్ దృష్టిలో బీదవాడు యాచకుడు కాడు, పాలివాడు.

క్రీ. శ. 632లో మహమ్మదు ప్రవక్త నిర్యాణానంతరము కొన్ని అరబ్బు తెగలవారు నమాజు చేయుదుము గాని జకాత్ చెల్లింపమనిరి. మొదటి ఖలీఫా అబూబకర్ ఆ రెండింటిని విడదీయుటకు అంగీకరింపక, వారిపై సైన్యమును నడపెను. ఈ విధికి ఆనాడు గల ప్రాధాన్యము దీనివలన తెలియుచున్నది. నేటికిని కొన్ని దేశములలో ప్రభుత్వమే దీనిని వసూలు చేయుచున్నది. పాకిస్తానులో 1980లో ఇందుకై ఒక శాసనము వెలువడెను. మన దేశమున అట్టి నిర్బంధము లేదు. ఎవరి లెక్క వారే కట్టుకొనవలెను. ఎవరి మనస్సే వారికి తనిఖీదారు.

ఆ లెక్క కఠినమైనది కాదు. మన దేశమున అత్యధికులు అనుసరించు హనఫీ సంప్రదాయము ప్రకారము 7½ తులాల బంగారము గాని, 52½ తులాల వెండి గాని, వెండి విలువకు సరిపడు రొక్కము లేక వ్యాపార సరకు గాని కలవాడు జకాత్‌కు బద్ధుడు. నేటి తూనికలో ఇవి సుమారు 87½ గ్రాములు, 612 గ్రాములు. ఈ హద్దునకు నిసాబ్ అని పేరు. ఇది చేతికి వచ్చి ఒక చాంద్రమాన సంవత్సరము గడచిన పిమ్మట నలువదింట ఒక పాలు, అనగా నూటికి రెండున్నర, చెల్లింపవలెను. నివాసగృహము, కట్టుబట్టలు, వంటపాత్రలు, పనిముట్లు లెక్కలోనికి రావు. ధరించు నగలను హనఫీలు లెక్కింపుమందురు. షాఫయీలు వాడుకలోని నగలను మినహాయింతురు. భార్య నగలపై జకాత్ భార్య బాధ్యత; భర్త ఆమె తరఫున చెల్లింపవచ్చును. సేద్యపు ఫలమునకు వేరు నియమము: వాననీట పండినదానిలో పదింట ఒక పాలు, నీరు తోడి పండించినదానిలో ఇరువదింట ఒక పాలు. రైతు చెమటకు శాస్త్రము చూపిన మన్నన ఇది.

చాంద్రమాన సంవత్సరము మన జనవరి–డిసెంబరు సంవత్సరముకంటె సుమారు 11 దినములు చిన్నది. ఇంగ్లీషు తేదీలనుబట్టి లెక్క కట్టువాడు 33 ఏండ్లలో ఒక యేటి జకాత్‌ను తనకు తెలియకయే ఎగవేసినవాడగును.

నాకు పరిచయమున్న ఒక చిన్న వస్త్రవ్యాపారి ఏటేట రంజానులో ఉజ్జాయింపుగా 3,000 రూపాయలు వాకిట పంచి తృప్తి చెందుచుండెను. ఒక యేడు మిత్రుని ప్రోద్బలముతో లెక్క కట్టెను. అంగడిలోని సరకు 3,00,000, రొక్కము 80,000, వాడుకదారులనుండి రావలసినది 40,000. తాను వెంటనే తీర్చవలసిన అప్పు 1,00,000 తీసివేయగా మిగిలినది 3,20,000. దానిలో నలువదవ వంతు 8,000. ఇన్నాళ్లును పేదవాని సొమ్ములో సగముకంటె ఎక్కువ తన పెట్టెలోనే నిలిచిపోయినదని అతనికి అప్పుడు తెలిసెను.

మిగిలిన సొమ్ము ఎవరికీయవలెను? ఖురాన్ ఎనిమిది వర్గములవారిని చెప్పినది. వారిలో నిరుపేదలు, అక్కరలో నున్నవారు, బాటసారులతోపాటు అప్పులపాలైనవారును కలరు. తల్లిదండ్రులకు, బిడ్డలకు, భార్యకు ఈయరాదు. వారిని పోషించుట వేరే ధర్మము. అర్హులైన తోబుట్టువులకు మాత్రము ఈయవచ్చును. ఈయుట మరింత శ్రేయము. ఇది చదివిన నాడు ఆ వ్యాపారికి తన చెల్లెలు తలపునకు వచ్చెను. భర్త జబ్బు నిమిత్తము చేసిన అప్పు తీరక ఆమె కుమిలిపోవుచుండెను. అభిమానవతి గనుక అన్న వాకిట ఎన్నడును చేయి చాపలేదు. బారులో నిలిచినవారికి అందినది, నిలువలేనిదానికి అందలేదు. పుచ్చుకొనువారికి ఇది జకాత్ అని చెప్పవలెనను నియమము లేదు. ఇచ్చువాని మనస్సులో సంకల్పమున్న చాలును. అతడు సొమ్ము తీసికొనిపోయి, “అమ్మా, ఇది నీకు చేరవలసినది” అని మాత్రము చెప్పి వచ్చెను.

ఆ మాట అబద్ధము కాదు. అది నిజముగా ఆమెకు చేరవలసినదే. రంజాన్ వరకు ఆగవలెనను విధియు లేదు. గడువు నిండిన దినముననే బాకీ తీర్చుట మేలు. ఈ యేడు పంచుటకు చేయి చాపకముందు పద్దుపుస్తకమును విప్పుడు. అటుపిమ్మట మీ వాకిటికి రానివారెవరో ఒక్కసారి తలచుకొనుడు.