విన్నట్టు పాడేవాడికి తెలియాలి
(స్వర్ణోత్సవ సన్నాహక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంజనీరువి కదా, టెక్నాలజీ మీద నాలుగు ముక్కలు చెప్పు" అన్నారు కార్యదర్శిగారు. పెద్ద విషయాలు నా దగ్గర లేవు. ఏ ఊళ్ళోనూ లేని కచేరీలకు వెళ్ళి తెలుసుకున్న ఒక చిన్న సంగతి చెబుతాను.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు నేను పుణెలో ఉన్నాను. ఇంట్లోవాళ్ళు హైదరాబాదులో, నేను క్వార్టర్సులో ఒక్కడినే. నిద్రపట్టని ఒక రాత్రి, ఆఫీసులో కుర్రాడు చెప్పిన ‘సెకండ్ లైఫ్’ తెరిచాను. అమెరికాలోని లిండెన్ ల్యాబ్ అనే సంస్థ 2003లో ప్రారంభించిన కంప్యూటర్ లోకం అది. ఆట కాదు, గెలుపోటములు లేవు. మన బదులు ఒక బొమ్మ అందులో తిరుగుతుంది. అక్కడి ఇళ్ళు, వీధులు, పాటల వేదికలు చాలావరకు ఆ లోకంలో తిరిగే జనం కట్టుకున్నవే. 2006లో సుజాన్ వేగా అనే అమెరికన్ గాయని అందులో పాడారు. 2007లో రాయల్ లివర్‌పూల్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం తమ హాలుకు నకలు అక్కడ నిలబెట్టి కచేరీ చేసింది. నేను వెళ్ళినవి అంత గొప్పవి కావు. పది, ఇరవై బొమ్మలు చేరే చిన్న వేదికలు. అర్ధరాత్రి దాటాక యూరప్‌లో ఎవరో తన గదిలో కూర్చుని గిటారు వాయిస్తూ పాడేవాడు, నేను వినేవాణ్ణి.

ఆ పాట మనకు వెంటనే చేరదు. గాయకుడి మైకు నుంచి కంప్యూటరుకు, అక్కడి నుంచి సర్వరుకు, సర్వరు నుంచి ఆ వేదిక దగ్గర ఉన్న ప్రతి ఒక్కరికీ వెళుతుంది. దారిలో తెగిపోకుండా ధ్వనిని కొంత ముందే నిలవచేస్తారు. మన మేడ మీద నీళ్ళ ట్యాంకు లాంటిదే: మోటారు కాసేపు ఆగినా పంపు ఆగదు. అందువల్ల పాట పది, ఇరవై సెకన్లు, ఒక్కోసారి అరనిమిషం ఆలస్యంగా వినపడుతుంది. మనం టైపు చేసే మాట మాత్రం ఆయనకు దాదాపు వెంటనే కనపడుతుంది. అంటే పాట ముగించిన మనిషికి మొదట మిగిలేది నిశ్శబ్దమే. అనుభవం ఉన్నవాళ్ళు ఆ వ్యవధిలో తీగలు సవరించుకుంటూ, కబుర్లు చెబుతూ ఆగుతారు. తర్వాత చప్పట్లు అక్షరాలుగా వస్తాయి. వేదిక పక్కన ఒక హుండీ. అందులో ‘లిండెన్ డాలర్లు’ వేస్తే మన పేరు చదివి కృతజ్ఞత చెబుతారు.

ఇది నాకెక్కడో తెలిసిన వ్యవహారంలా అనిపించింది. మీకు ఈపాటికే గుర్తొచ్చి ఉంటుంది. శ్రీరామనవమి పందిట్లో హరిశ్చంద్ర కాటిసీను. పద్యం అయిపోగానే "వన్స్ మోర్!" అని కేకలు. "ఫలానావారు ఈ పద్యానికి నూటపదహార్లు చదివిస్తున్నారు" అని మైకులో పేరు. శివరాత్రికి కోటప్పకొండ కింద కరెంటు ప్రభల ముందు తెల్లవార్లూ జరిగే కార్యక్రమాల్లోనూ అంతే. ఈల వేసినవాడికీ, పాడినవాడికీ మధ్య బేరం అప్పటికప్పుడే తేలిపోయేది.

ఆ ఏప్రిల్లోనే ‘ఫోర్ట్‌నైట్’ అనే ఆటలో ట్రావిస్ స్కాట్ అనే గాయకుడి ప్రదర్శనకు ఒకేసారి 1 కోటి 23 లక్షల మంది వచ్చారు. కళ్ళు జిగేల్మనే ప్రదర్శన. కానీ అది ముందే తయారుచేసి పెట్టినది. అంతమందిలో ఒక్కడు లేచి వెళ్ళినా పాడేవాడికి తెలిసే వీల్లేదు. నేను వెళ్ళే చిన్న వేదికలో పది మందిలో ఒకరు వెళ్ళిపోతే గాయకుడు గమనించేవాడు.

ఇక అసలు సంగతి. మన బ్యాచ్‌లో ఒక హార్మోనిస్టు ఉన్నాడు. మూడో వరుసలో కూర్చున్నాడు, పేరు చెబితే ఊరుకోడు. చదువు ఆపి నాటకాల వెంట వెళ్ళాడు. ఆ బతుకే బతికాడు. 2020లో నవమి పందిళ్ళు లేవు, తిరునాళ్ళు లేవు, నాటకం లేదు. ముక్కూమొహం తెలియని గిటారు వాయిద్యగాడికి హుండీలో డబ్బు వేస్తున్న నేను, ఒకే బెంచీ మీద కూర్చున్నవాడికి ఒక్క ఫోను చేయలేదు. అది తట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఫోను చేశాను. సిగ్గుపడుతూనే ఆ కచేరీల సంగతి చెప్పాను. వాడు అంతా విని, "అది సరేరా, నువ్వు ఇంటన్నట్టు ఆ పాడేవాడికి ఎట్టా తెలుద్ది?" అన్నాడు. డబ్బు గురించి ఒక్క మాట లేదు.

ఒక ఆదివారం పదకొండుమందిమి వీడియో కాల్‌లో కలిశాం. వాడు హార్మోనియం ముందు కూర్చుని శ్రుతి పట్టాడు. మాకేమీ వినపడలేదు! చప్పుళ్ళు తగ్గించే ఏర్పాటు ఆ శ్రుతిని ఫ్యాను మోత అనుకుని కోసేసింది. అది మాటల కోసం చేసినది, సంగీతం దానికి పనికిరాని చప్పుడు. సెట్టింగు వెతికి తీయించాను. వాడు పద్యం ఎత్తుకున్నాడు. మేమంతా మర్యాదగా మైకులు కట్టేసుకుని విన్నాం. పద్యం అయిపోయింది. చడీచప్పుడు లేదు. వాడు తెర దగ్గరకు వంగి, "ఉన్నార్రా?" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. గబగబా మైకులు తెరిచాం. పదకొండు "వన్స్ మోర్"లు పదకొండు వేళల్లో వెళ్ళాయి. తాళం తప్పిన చప్పట్లు. వాడు కళ్ళు తుడుచుకుని మళ్ళీ అందుకున్నాడు. ఆ తర్వాత నెలనెలా కూర్చున్నాం. చదివింపులూ పేరు పేరునా చదివించాం. ఉచితంగా తీసుకోనన్నాడు, పద్యానికైతే తీసుకుంటానన్నాడు.

అందుకని సంఘానికి ఒక మనవి. స్వర్ణోత్సవం రాత్రి కార్యక్రమాన్ని విదేశాల్లో ఉన్నవారికి ప్రత్యక్ష ప్రసారం చేస్తామన్నారు. కెమెరా ఒక్కటే చాలదు. వేదిక పక్కన ఒక కుర్చీ వేసి ఒక మనిషిని కూర్చోబెట్టండి. దూరం నుంచి వచ్చే మాటలను, పేర్లను మైకులో చదవాలి. ప్రతి అంశం తర్వాత అరనిమిషం ఆగండి. డల్లాస్‌లో ఉన్నవాడి చప్పట్లు నరసరావుపేట చేరడానికి ఆ మాత్రం టైము పడుతుంది. ఆ కుర్చీలో కూర్చోవడానికి నేను సిద్ధం.

ఆ రాత్రి హార్మోనియం మనవాడిదే. పద్యం అయిపోయాక ఎవరూ వాడిచేత "ఉన్నార్రా?" అని అడిగించుకోకండి.

సెలవు.