మా చిన్నపిల్లల తరగతిలో యాపిల్ పాఠం
(వార్షిక సభలో సొసైటీ విద్యా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది జమాఖర్చుల పత్రం మీ అందరి చేతికీ వచ్చింది. అందులో విద్యా విభాగం కింద "పండ్లు, కూరగాయలు, నిమ్మకాయలు: రూ. 640" అని ఒక పద్దు ఉంది. పోయిన నెల కార్యవర్గ సమావేశంలో మా పెద్దాయన ఒకరు దాని మీద వేలు పెట్టి, "ఇదేంటయ్యా, బళ్ళో ఫలహారాలా?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. మీరిచ్చిన ప్రతి రూపాయీ మా చేతిలో అమానత్. అందుకే మాకిచ్చిన ఈ కొద్ది సమయంలో కొత్త గదుల గురించీ బెంచీల గురించీ కాకుండా, ఆ 640 రూపాయల లెక్క చెప్పుకుందామని వచ్చాం.

మా నర్సరీ, ఎల్‌కేజీ రెండూ కలిపి 32 మంది పిల్లలు. నాలుగైదేళ్ళ వయసు. మన గుంటూరులో ఈ పేటల సంగతి మీకు తెలిసిందే. ఎక్కువమంది తల్లులు మిర్చి తొడిమలు తీసే పనికి వెళతారు. తండ్రుల్లో ఆటో నడిపేవాళ్ళు, తోపుడుబండి పెట్టుకున్నవాళ్ళు, వెల్డింగ్ షాపుల్లో పనిచేసేవాళ్ళు ఉన్నారు. కొందరి ఇళ్ళలో ఉర్దూ మాట్లాడతారు. నూర్‌బాషా కుటుంబాల పిల్లలకు ఇంట్లో తెలుగే. ఇక బళ్ళో పుస్తకం ఇంగ్లీషుది.

తరగతి గోడకు ఒక చార్టు ఉండేది, ఏ ఫర్ యాపిల్ అని. పిల్లలు గొంతు పగిలేలా అరిచి చెప్పేవాళ్ళు. తనిఖీకి ఎవరొచ్చినా ముందు అదే చెప్పించేవాళ్ళం, మేమూ మురిసిపోయేవాళ్ళం. జూలైలో ఒకరోజు టీచరమ్మ ఆ బొమ్మ చూపించి, "ఇది లోపల ఎట్లా ఉంటుంది?" అని అడిగారు. "ఎర్రగా" అన్నారు చాలామంది. ఒక పాప మాత్రం "కాగితం" అంది. ఆ పాప చెప్పింది అక్షరాలా నిజం. చార్టు చించితే లోపల ఉండేది కాగితమే. ఆ జవాబు విన్నాక మాకు నోట మాట రాలేదు.

చేతికి ఇచ్చి నేర్పాలన్నది మేము కనిపెట్టిన విషయం కాదు. భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా 1920లోనే బాలమందిర్ పెట్టి చేసి చూపించారు. 1939లో మాంటిస్సోరి గారు మద్రాసు అడయారుకు వచ్చి మన దేశపు టీచర్లకు శిక్షణ ఇచ్చారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా పునాది దశ అనీ, ఆటలతో, చేతులతో నేర్పాలనీ చెప్పింది. కాగితం మీద అందరూ ఒప్పుకున్నదే. అమలు దగ్గరికి వచ్చేసరికి చార్టు చవక, ఒకసారి కొంటే నాలుగేళ్ళు ఉంటుంది. పండు మూడు రోజుల్లో అయిపోతుంది.

సెప్టెంబరు వచ్చేదాకా ఆగాం. కాశ్మీర్ కాయ బజారుకు ఎక్కువగా దిగేది అప్పుడే, ధర కూడా కాస్త అందుబాటులో ఉంటుంది. మా ఎల్‌కేజీ బాబు తండ్రి ఒకాయన పండ్ల బండి వ్యాపారి. ఆయన్ని కాయలు అడగబోయి, మాటల్లో "మీరే వచ్చి ఒకరోజు పిల్లలకు చెప్పకూడదా భాయ్?" అన్నాం. "నేనా? నాకు చదువు రాదు కదా" అన్నారు. అయినా వచ్చారు, శుక్రవారం వేసుకునే తెల్ల కుర్తా వేసుకుని. ఖాళీ పెట్టె, అడుగున ఎండుగడ్డి, తక్కెడ కూడా తెచ్చారు. ఈ కాయ రెండు వేల కిలోమీటర్లకు పైగా లారీలో వస్తుందనీ, జమ్మూ-శ్రీనగర్ దారిలో కొండచరియలు విరిగిపడితే లారీలు ఆగిపోయి కాయలు దార్లోనే కుళ్ళిపోతాయనీ చెప్పారు. దెబ్బ తగిలిన కాయను వేలితో ఎలా గుర్తుపట్టాలో చూపించారు. ఒక పిల్ల "అక్కడ మిర్చి పండదా?" అని అడిగింది. పండుతుందట, ఎర్రగా ఉంటుందట కానీ పెద్దగా కారం ఉండదట. కారం లేని మిరపకాయ ఉంటుందంటే మా పిల్లలు నమ్మలేదు. ఆయన కొడుకు ఆ రోజంతా తండ్రి పక్కనే, కుర్తా అంచు పట్టుకుని నిలబడ్డాడు.

పాఠం మొదలైంది గుడ్డ సంచితో. సంచిలో ఒక యాపిల్, ఒక బంగాళాదుంప, ఒక నిమ్మకాయ వేసి మూతి కట్టేశాం. చెయ్యి లోపలికి పెట్టి, చూడకుండా చెప్పాలి. నున్నగా ఉంది, చల్లగా ఉంది, గుంట ఉంది, గుంటలో పుల్ల ఉంది. ఆ పుల్ల దగ్గర ఒక పాప ఆగి, "తొడిమ! మా అమ్మ రోజూ తీసిద్ది" అంది. ఆ మాట మేము చెప్పవలసిన అవసరమే రాలేదు. తొడిమ అంటే ఏమిటో మా పిల్లలకు తెలిసినంతగా ఏ పెద్ద బడి పిల్లలకూ తెలియదని ఆ రోజు అర్థమైంది. ఉర్దూ ఇళ్ళ పిల్లలు సేబ్ అన్నారు, ఛిల్కా అన్నారు. తెలుగు ఇళ్ళవాళ్ళు తొక్క అన్నారు. టీచరమ్మ అన్నీ పలకమీద రాసి, ఇంగ్లీషు మాట చివర రాశారు. మొదటిసారి ఇంటి మాటకు కూడా బల్ల మీద చోటు దొరికింది.

తర్వాత నీళ్ళ బకెట్. యాపిల్, దాదాపు అంతే ఉన్న బంగాళాదుంప. ఏది మునుగుతుంది? చేతులెత్తించాం. యాపిలే బరువు, ఖరీదైంది కాబట్టి అదే మునుగుతుందన్నాడు ఒకడు. దుంప మునిగింది, యాపిల్ తేలింది. తక్కెడలో తూచి మళ్ళీ వేశారు, మళ్ళీ తేలింది. యాపిల్‌లో సుమారు పావువంతు గాలే ఉంటుంది, అందుకే తేలుతుంది. అది మేము వాళ్ళకు చెప్పలేదు. ముందు పదిసార్లు ముంచి చూడనివ్వాలి. అరగంటలో తరగతి నేలంతా నీళ్ళే. ఆయమ్మ మాతో రెండు రోజులు మాట్లాడలేదు.

కోయడం మాత్రం టీచరే చేశారు. నిలువుగా కాకుండా అడ్డంగా కోశారు. మధ్యలో నక్షత్రం కనబడగానే పిల్లల అరుపులకు పక్క తరగతి వాళ్ళు లేచి వచ్చారు. ఐదు గదులు, మామూలుగా ఒక్కో గదిలో రెండేసి గింజలు. లెక్కపెడితే ఒక గుంపుకు ఎనిమిది వచ్చాయి, ఒక గుంపుకు ఐదు, ఒకరికి పది. "మాది తప్పా?" అని ఐదు వచ్చినవాళ్ళు దిగులుపడ్డారు. కాయను బట్టి గింజలు పట్టడం మారుతుందనీ, చూసి లెక్కపెట్టింది తప్పు కాదనీ చెప్పాల్సి వచ్చింది. పుస్తకంలో జవాబు ఒకటే ఉంటుందని అప్పటికే అలవాటుపడిపోయారు, ఐదేళ్ళకే.

ఇక్కడ దాతలు తెలుసుకోవలసిన జాగ్రత్త ఒకటి ఉంది. ఈ వయసు పిల్లలకు పచ్చి యాపిల్ గట్టి ముక్క గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. అందుకని పల్చగా తరిగి, కూర్చోబెట్టి తినిపించాం, చిన్నవాళ్ళకు తురిమి పెట్టాం. గింజలు నమలనివ్వలేదు, నమిలితే వాటినుంచి విషపదార్థం పుడుతుంది. ఒకటి రెండు పొరపాటున మింగితే భయం లేదు గానీ అలవాటు కాకూడదు. గింజలన్నీ లెక్కపెట్టి ఒక డబ్బాలో వేశాం.

ఇప్పుడు మా తప్పు కూడా చెప్పాలి. కోసిన ముక్క నల్లబడటం చూపించాలని మొదటిసారి ఆరు ముక్కలు పక్కన పెట్టాం. కొన్నిటికి నిమ్మరసం రాశాం, కొన్నిటికి రాయలేదు. మధ్యాహ్నానికి రాయనివి గోధుమరంగుకు తిరిగాయి, రాసినవి తెల్లగానే ఉన్నాయి. కోసినచోట గాలి తగిలితే పండులోని రసాయనాలు మారి రంగు వస్తుంది, నిమ్మ పులుపు దాన్ని ఆపుతుంది. పిల్లలకు బాగా నచ్చింది. కానీ మనవడిని తీసుకెళ్ళడానికి వచ్చిన ఒక నానీ, బల్ల మీద గాలికి వదిలేసిన ఆ ముక్కలు చూసి, "తినే పండుని ఇట్లా పారేస్తారా? మా ఇంట్లో జ్వరమొస్తేనే కొంటాం" అన్నారు. మేము ఏమీ చెప్పలేకపోయాం. వృథా చేయడం ఇస్రాఫ్ అని పిల్లలకు వజూ నీళ్ళ దగ్గర చెబుతాం కదా, మరి పాఠం పేరుతో అదే చేస్తే?

తర్వాత వారం నుంచి పద్ధతి మార్చాం. నల్లబడటానికి ఒకే ఒక్క కాయ, రెండే ముక్కలు. చూడటం అవగానే ఆ గోధుమరంగు ముక్కను టీచరే అందరి ముందూ తింటారు, చెడిపోలేదని వాళ్ళకు తెలియాలి. కాయలు కూడా బండివాలా భాయ్ దగ్గర మచ్చపడినవి తక్కువకు తీసుకున్నాం, మచ్చ వరకు కోసేస్తే చాలు. యాపిల్‌ను సగానికి కోసి రంగులో ముంచి కాగితం మీద అచ్చులు వేయించడం చాలా బళ్ళలో చేస్తారు. అది మేము చేయలేదు, ఆ నానీ మాట విన్నాక మనసు ఒప్పలేదు. మధ్యాహ్న భోజనానికి బెండకాయలు తరిగేటప్పుడు పారేసే ముచ్చికలున్నాయి కదా, వాటిని రంగులో ముంచి వేయించాం. అచ్చు పడగానే మళ్ళీ అదే నక్షత్రం! ఒక పిల్ల "బెండకాయ లోపల కూడా యాపిల్ ఉంది" అంది. రెండింట్లోనూ ఐదు గదులున్నాయని ఆమె కళ్ళతో చూసి పట్టుకుంది. మేము దాన్ని పాఠంలో రాసుకోలేదు.

ఒక బాబు మౌల్వీ సాబ్‌ను ఖుర్ఆన్‌లో సేబ్ ఉందా అని అడిగాడు. లేదని, ఖర్జూరం, ద్రాక్ష, దానిమ్మ, అంజూర, జైతూన్ ఉన్నాయని ఆయన చెప్పారు. అప్పటినుంచి పిల్లలు అవన్నీ తెమ్మంటున్నారు. రమజాన్‌లో ఖర్జూరం పాఠం ఎటూ పెడతాం, గింజ లెక్క సులువు. జైతూన్ గుంటూరులో ఎక్కడ తేవాలో చూడాలి.

ఇక లెక్క. 640 రూపాయల్లో యాపిళ్ళు, నిమ్మకాయలు, బంగాళాదుంపలు, ఐదు వారాల పాఠానికి అయినవి. బెండకాయ ముచ్చికలకు ఖర్చు లేదు. బండివాలా భాయ్ రోజు వ్యాపారం వదులుకుని వచ్చారు, డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఈ ఖర్చు జకాత్ ఖాతాలోది కాదు. జకాత్ ఎవరికి చెందాలో ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది కాబట్టి ఆ ఖాతా మనం మొదటినుంచీ వేరుగా ఉంచుతున్నాం. ఇది సదఖా నుంచి వెళ్ళింది.

మా ఇబ్బంది ఏమిటంటే, గదికి, ఫ్యానుకు, బీరువాకు మీరు అడగకముందే ఇస్తారు. అల్లాహ్ మీ సంపాదనలో బర్కత్ ఇవ్వాలి. వాటిమీద మీ నాన్నగారి పేరో అమ్మగారి పేరో రాయించగలం. తినేసిన యాపిల్ మీద ఎవరి పేరూ రాయలేం. అయినా నెలకు వెయ్యి రూపాయలు చేతిసామాను కింద ఎవరైనా పెట్టుకుంటే, జనవరిలో జామకాయ, వేసవి ముందు మామిడి పిందె, వానాకాలంలో మొక్కజొన్న కంకి, ఇట్లా ఏడాదంతా నడుస్తుంది. ఇవ్వలేనివాళ్ళు మీ పని తీసుకుని ఒక పూట రండి. దర్జీలు కొలతల టేపు తేవచ్చు, పాలవాళ్ళు లీటరు కొలత తేవచ్చు. చదువు లేదనే మాట మాత్రం మా దగ్గర అనకండి.

డబ్బాలో వేసిన గింజల సంగతి చెప్పి ముగిస్తాం. యాపిల్ గింజ నేరుగా నాటితే మొలకెత్తదు, రెండు నెలలపాటు చలి తగలాలి. అక్టోబరులో 12 గింజలు తడిగుడ్డలో చుట్టి టీచరమ్మ ఇంటి ఫ్రిజ్‌లో పెట్టాం. డిసెంబరులో తీసి చూస్తే మూడు మొలకెత్తాయి, రెండు పోయాయి, ఒకటి ఉంది. యాపిల్ కాయాలంటే చెట్టుకు చలికాలంలో వందల గంటల చలి కావాలని, గుంటూరులో అంత చలి లేదని పిల్లలకు చెప్పాం. "అయితే చెట్టునే ఫ్రిజ్‌లో పెడదాం" అన్నాడు ఒకడు. ఎంత పెద్ద ఫ్రిజ్ కావాలని ఇప్పుడు వాళ్ళు కొలతలు వేస్తున్నారు. మొక్కకు ప్రస్తుతం నాలుగు ఆకులు. కింద ఎల్‌కేజీ కిటికీ దగ్గర టీ కప్పులో ఉంది. వెళ్ళేటప్పుడు చూసి వెళ్ళండి, నీళ్ళు మాత్రం పోయకండి. ఈ వారం వంతు బండివాలా భాయ్ కొడుకుది.