పిచికారీ జాడలకు తేదీలవారీ రంగులు
(రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మిరప తోటలో మందు కొట్టిన తేదీ మరచుట చిన్న విషయముగా తోచును. కాయ కోతకు వచ్చినప్పుడు ఆ చిన్న విషయమే పెద్దదగును. మందు కొట్టిన నాటినుండి కోతవరకు ఆగవలసిన గడువు కలదు. అది మందునుబట్టి, పంటనుబట్టి మారును. డబ్బాతో వచ్చు కాగితముపై చూచుకొనవలెను. గడువు తీరకముందే కోసిన కాయలో మందు అవశేషములు మిగులును. అవి పరిమితి మించినచో సరుకు ఎగుమతికి పనికిరాదు. అంతకుమించి, ఆకులపై తడి ఆరకముందే తోటలో దిగిన కూలీల ఒంటికి మందు అంటును.

నాలుగెకరముల తోటకు ఒకేనాడు మందు కొట్టుట అన్నివేళల సాధ్యము కాదు. ఒకనాడు ఎగువ మడులు కొట్టుదురు. ఇంతలో వాన పడును. దిగువ మడులు మూడు రోజుల తరువాత కొట్టుదురు. తోట ఒకటే యైనను గడువులు రెండు. ఏ గట్టువరకు ఏనాడు కొట్టితిమో చూపు పటము ఉన్నచో ఈ చిక్కు తీరును. అట్టి పటమునకు మీ చేతిలోని ఫోను చాలును.

ఫోనులో జాడ నమోదు చేయు ఆప్‌ను తెరచి, జేబులో వేసికొని మందు కొట్టుడు. కొన్ని క్షణముల కొకసారి అది ఒక చుక్కను గుర్తించును. ప్రతి చుక్కకును స్థలము, తేదీ, సమయము ఉండును. నీళ్లకు పోవునప్పుడు నమోదును ఆపుడు. లేనిచో మందు పడని దారికూడ జాడలో చేరును. పని ముగిసిన తరువాత ఆ జాడను జి.పి.ఎక్స్. ఫైలుగా భద్రపరచుడు.

పిమ్మట కంప్యూటరులో క్యూ.జి.ఐ.యస్. అను ఉచిత సాఫ్ట్‌వేరులో ఆ ఫైలును తెరచి, ‘ట్రాక్ పాయింట్స్’ అను పొరను ఎన్నుకొనవలెను. సింబాలజీ అను చోట ‘కేటగిరైజ్డ్’ అను పద్ధతిని తీసికొనవలెను. ఇచ్చట సమయమును ఉన్నదున్నట్లుగా ఇచ్చినచో, క్షణము మారినప్పుడెల్ల రంగు మారి పటమంతయు గజిబిజి యగును. సమయమునుండి తేదీని మాత్రమే తీయుమని సూత్రము వ్రాసి, ‘క్లాసిఫై’ నొక్కవలెను. అప్పుడు ఒక్కొక్క రోజునకు ఒక్కొక్క రంగు వచ్చును. ఎరుపు, ఆకుపచ్చ రంగుల భేదము కొందరి కంటికి తెలియదు గనుక నీలము, నారింజ వంటివి మేలు.

ఇక ముఖ్యమైన సంగతి. జి.పి.ఎక్స్. ఫైలులో సమయము మన గడియారము ప్రకారము ఉండదు. ప్రపంచ ప్రామాణిక కాలములో ఉండును. మన కాలము దానికంటె 5 గంటల 30 నిమిషములు ముందు. మీరు 7వ తేదీ తెల్లవారుజామున 5 గంటలకు కొట్టినచో, ఫైలులో 6వ తేదీ రాత్రి 11 గంటల 30 నిమిషములని ఉండును. గడువు 7 రోజులైనచో 14వ తేదీన తీరవలసినది 13వ తేదీకే తీరినట్లు కనబడును. ఒకరోజు ముందే కోత పడును! కావున తేదీ తీయుటకు ముందు సమయమునకు ఐదున్నర గంటలు కలుపుమని సూత్రములో వ్రాయవలెను. మీకు సమయము బాగుగా గుర్తున్న ఒక చుక్కను చూచి లెక్క సరిపోయినదో లేదో తెలిసికొనుడు.

ఈ పటమునకు హద్దు కలదు. 2000వ సంవత్సరము మే నెలవరకు అమెరికా ప్రభుత్వము సామాన్యులకు అందు జి.పి.యస్. సంకేతములలో కావలెననియే తప్పు కలిపెడిది. దానిని తీసివేసినందున నేడు ఆరుబయట మామూలు ఫోను సుమారు 5 మీటర్ల తేడాలో చోటు చూపును. చెట్ల క్రింద తేడా పెరుగును. ఇది మడిని గుర్తించుటకు చాలును. సాలును గుర్తించుటకు చాలదు. పని ఆగిన సాలువద్ద ఒక కర్ర పాతుడు. రెండు రంగులు కలియు చోట తరువాతి తేదీనే లెక్కలోనికి తీసికొనుడు.

మందు పేరు, మోతాదు, గడువు చుక్కలు చెప్పవు. వాటిని పుస్తకములో వ్రాసి, పటములోని రంగును ఆ తేదీ ప్రక్కన గుర్తించుడు. కోతకు కూలీలను పిలుచుటకు ముందు ఆ రెండింటిని కలిపి చూడుడు. గడువు తీరని మడిలో ఎవరిని దిగనీయకుడు.