‘తెలుగు’ అను మాటలో అక్షరములెన్ని?
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)

 

గత సంవత్సరము మా విద్యార్థి ఒకని పేరును కంప్యూటరులో తెలుగున నమోదు చేయించితిమి. ‘వెంకటేశ్వర్లు’ అని వ్రాసి పంపగా ‘వెంకటేశ్వర’ అని అచ్చయి వచ్చినది. దైవనామమే గదా యని మేము ఊరకుంటిమి. బాలుని తాతగారు మాత్రము ఊరకుండలేదు. “అది మా నాయనగారి పేరండీ. ‘ర్లు’ లేకుంటే ఆయన పేరు కాదు” అనిరి. ఆ మాట న్యాయమైనదే.

ఈ నగరముననే సాఫ్టువేరు ఉద్యోగము చేయుచున్న మా పూర్వవిద్యార్థి ఒకరు కారణము వివరించిరి. పేరు వ్రాయు గడికి హద్దు 30 బైట్లు. ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. మన అక్షరములకు, గుణింతపు గుర్తులకు, పొల్లునకు ఒక్కొక్కదానికి మూడేసి బైట్లు కావలెను. వెంకటేశ్వర్లులో అట్టి సంకేతములు 13. అనగా 39 బైట్లు. పదింటితోనే గడి నిండినది.

ఈ బైట్ల లెక్క ఎక్కడిది? 1972 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాషలో అక్షరమనగా ఒక బైటే. వారి యెదుట నున్నది ఆంగ్లము, తప్పు పట్టరాదు. అంతకంటె చిక్కైన గుణము మరొకటి గలదు. హద్దు దాటి వ్రాసినను సి తానుగా ఆపదు. ప్రక్క గదిలోని సమాచారము చెరిగిపోవచ్చును. 1995లో వచ్చిన జావా అట్లుగాక తప్పు చూపి నిలిచిపోవును.

సి వంశము పెద్దది. సి ప్లస్ ప్లస్, జావా, సి షార్ప్, గో, స్విఫ్ట్ మొదలైనవి దాని సంతతి. రస్టును పెంపుడు బిడ్డ యనవచ్చును. బెంగుళూరు వీధులలో కన్నడ బోర్డులను మన పిల్లలు అక్షరము కూడబలుక్కొని చదువగలరు. అర్థము మాత్రము ఒక్కొక్కచోట జారిపోవును. ఈ భాషల సంగతియు నంతే. కుండలీకరణములు, వాక్యము చివర సెమికోలను చాలవరకు ఒకే పోలిక, నడత వేరు.

ఆ పూర్వవిద్యార్థి మా యెదుటనే ‘తెలుగు’ అను మాట నిడివిని ఒక్కొక్క భాషను అడిగి చూపిరి. సి, సి ప్లస్ ప్లస్ 18 అనినవి. జావా, సి షార్ప్ ఆరు అనినవి: త, ఎత్వము, ల, కొమ్ము, గ, కొమ్ము. గో, రస్టు భాషలు ఊరక అడిగిన 18 అనును. సంకేతములను లెక్కింపుమన్న ఆరు అనును. 2014లో వెలువడిన స్విఫ్ట్ మాత్రము మూడు అనినది. మా ఒకటవ తరగతి పిల్లలును మూడే యందురు!

విచిత్రమేమన, సి భాషకు ముందటిదైన బి భాషను చేసిన కెన్ థాంప్సన్ గారే 1992లో రాబ్ పైక్ గారితో కలిసి యూటిఎఫ్-8 అను ఈ మూడు బైట్ల పద్ధతిని కల్పించిరి. గో భాష నిర్మాతలలోను వారిద్దరు ఉన్నారు. అది 2009లో వెల్లడి యైనది.

స్విఫ్ట్ అనుసరించు యూనికోడ్ నియమములకును ఒత్తు చాలకాలము కొరుకుడు పడలేదు. ‘అమ్మ’ను అ, మ్, మ అని మూడు ముక్కలుగా లెక్కించెడివి. 2023 నాటి 15.1 కూర్పులో తెలుగు ఒత్తును హల్లుతో కలుపు సూత్రము చేర్చిరి. ఆ లెక్కన ‘అమ్మ’ రెండక్షరములే.

క్రొత్త భాష వచ్చిన చిక్కు తీరునని కొందరందురు. మాకు పూర్తిగా నమ్మకము లేదు. సంకేతమును నడుమ కోయబోయిన రస్టు కార్యక్రమమునే నిలిపివేయును, మంచిదే. కాని 30వ బైటు కడ కోసిన అదియు అభ్యంతరము చెప్పదు. అచ్చట సంకేతము పూర్తియే, పేరే పూర్తి కాలేదు. గడి ఎంత యుండవలెనో నిర్ణయించు మనిషికి తెలుగు పేర్ల నిడివి తెలిసి యుండవలెను. ఆ పని చేయువారు మీ బల్లల నుండియే రావలెనని మా కోరిక. ఏ భాష నేర్చినను మొదటి దినముననే మీ పేరు నిడివి దానిని అడిగి చూడుడు.

ఆ గడిని వెడల్పు చేయించుటకు మాకు మూడు ఉత్తరములు పట్టినవి. క్రొత్త పత్రము వచ్చిననాడు తాతగారు కళ్లజోడు తుడుచుకొని, ‘ర్లు’ మీద వ్రేలుంచి చూచుకొని, మడిచి జేబులో పెట్టుకొనిరి.