క్రొత్త లారీ బేరము



ఎద్దును కొనునపుడు మన సీమ పెద్దలను మోసగించుట సులభము కాదు. పళ్ళు చూతురు, సుడులు చూతురు, నడిపించి చూతురు, కాడి మెడపై పెట్టి చూతురు. తుండుగుడ్డ క్రింద దళారి వ్రేళ్ళు పట్టుకొని పలికిన ధరను ప్రక్కవానికిని తెలియనీయరు. అట్టి పెద్దలే కుమారుని వెంట పట్టణమునకు పోయి ముప్పది నలుబది లక్షల లారీని కొనునపుడు మాత్రము, అద్దాల గదిలో చల్లగాలికి కూర్చుండి, చూపిన చోటనెల్ల సంతకము చేసి వచ్చుచున్నారు. ఎద్దుకు చూపిన జాగ్రత్తలో నాలుగవ వంతు లారీకి చూపినను చాలును. అందులకు వలయు సంగతులు కొన్ని ఈ ప్రసంగములో మనవి చేసెదను.

డోను ప్రాంతమువారికి లారీ క్రొత్తది కాదు. పూర్వము ద్రోణాచలమని పిలువబడిన ఈ యూరికి రైలు జంక్షనైన పేరొకటి, హైదరాబాదు బెంగుళూరుల నడిమి రహదారి పై నున్న పేరొకటి. 2022 ఏప్రిలు 4వ తేదీ నుండి ఇది నంద్యాల జిల్లాలో చేరినది. చుట్టును సున్నపురాయి, డోలమైటు గనులు. ప్రక్కనే బేతంచెర్ల నాపరాయి. వానను నమ్మి విత్తినవాడు వాన రాక నష్టపడి, రాతిని నమ్మి లారీ కొనుట ఈ సీమలో అనేక కుటుంబముల చరిత్ర. ఐతే ఆ లారీ వెనుక తరచుగ తండ్రి పొలము తాకట్టులో నుండును. లారీ బేరము చెడినచో పోవునది లారీ యొక్కటే కాదు. కావుననే యీ మాటలు కుమారులతో గాక పెద్దలతో చెప్పుచున్నాను.

గిరాకి గల బండిని కొనుట యెన్నడును కష్టమే. దేశములో బండ్లు తక్కువగను కోరువారు ఎక్కువగను ఉన్న కాలమున, ప్రభుత్వము 1959లో మోటారుకార్ల పంపిణీకిని, 1960లో స్కూటర్ల పంపిణీకిని ఉత్తరువులు చేసి, వరుస ప్రకారము ఇప్పింపవలసి వచ్చినది. నేడు అట్టి ఉత్తరువులు లేవు, లారీలు చేయు కంపెనీలును పెక్కు కలవు. ఐనను ఏదో యొక కారణమున కొన్ని రకములకు ఒక్కసారిగ గిరాకి పుట్టుచుండును. 2025 సెప్టెంబరు 22 మొదలు లారీలపై వస్తుసేవల పన్ను నూటికి 28 నుండి 18కి తగ్గినది. 30 లక్షల అసలు ధర గల లారీ అంతకు ముందు పన్నుతో 38 లక్షల 40 వేలు. తరువాత 35 లక్షల 40 వేలు. ఈ మూడు లక్షలు ప్రభుత్వము తగ్గించినవి. అమ్మువాడు వీనిని తన తగ్గింపుగ లెక్కలో చూపినచో, ‘ఇది సర్కారు ఇచ్చినది, నీవిచ్చున దేమి?’ యని అడుగుడు.

అమ్ముడుశాలవాడు లారీని చేసినవాడు కాడు. కంపెనీకి సొమ్ము కట్టి, తరచుగ బ్యాంకులో అప్పు తెచ్చి, బండ్లను తన ఆవరణలో నిలుపుకొనును. నిలిచిన ప్రతి దినమునకును అతనికి వడ్డీ పడును. కావున ఆవరణలో దుమ్ముపట్టి నిలిచిన బండికిని, ఇంకను రాని బండికిని ఒకే బేరము కాదు. గిరాకి గల బండిపై ‘ధరలో రూపాయి తగ్గదు’ అని యతడు చెప్పిన, ఆ మాట నిజమే కావచ్చును. అచ్చట పట్టుపట్టి ప్రయోజనము లేదు. ఐతే అతని లాభము ధరలో మాత్రమే లేదు. అప్పు ఇప్పించినందుకు కొంత, బీమా చేయించినందుకు కొంత, అదనపు సామానులలో కొంత, పాత బండిని తీసికొనుటలో కొంత వచ్చును. ధర కదలనిచోట ఇవి కదలును. తెలిసినవాడు బేరము ఇచ్చటనే చేయును.

మొదట అడుగవలసినది విడివిడిగ వ్రాసిన ధరల పట్టిక. ‘రోడ్డు మీదికి వచ్చుసరికి మొత్తమింత’ అను ఒక్క సంఖ్యను ఒప్పుకొనవలదు. బండి ధర, పన్ను, రిజిస్ట్రేషను రుసుము, బీమా, సామానులు వేరువేరుగ నుండవలెను. హ్యాండ్లింగు ఛార్జీలను పంక్తి యొకటి కానవచ్చినచో, అది చట్టము విధించిన రుసుము కాదని తెలిసికొనుడు. దానిని తీసివేయుమని నిస్సంకోచముగ కోరవచ్చును. పది లక్షలు దాటిన బండిపై నూటికి ఒక రూపాయి చొప్పున ఆదాయపుపన్ను క్రింద వసూలు చేయుదురు. ఇది ఖర్చు కాదు. మీ పాను నంబరు పై జమయగును. పన్ను లెక్క దాఖలు చేసినపుడు సరిచూచుకొని, అధికమైనది తిరిగి పొందవచ్చును. పైన చెప్పిన లారీకి ఇది 35 వేల పైమాట. లెక్క దాఖలు చేయక ఈ సొమ్మును విడిచివేయుట మనవారిలో తరచు.

బీమాలో రెండు భాగములు. ఇతరులకు కలుగు నష్టమునకు చేయు బీమా చట్టరీత్యా తప్పనిసరి. దాని ప్రీమియము ప్రభుత్వము నిర్ణయించునది గనుక ఏ కంపెనీ యొద్దనైన నొకటే. మన బండికి కలుగు నష్టమునకు చేయు బీమా ధర మాత్రము కంపెనీని బట్టి మారును. బీమాను తన యొద్దనే చేయింపవలెనని అమ్మువాడు నిర్బంధింపరాదు. వేరొకచోట అడిగి వచ్చితిమని చెప్పిన, అతని యంకెయు తరచుగ దిగివచ్చును. రెండు చోట్లను బండి విలువ ఒక్కటే చూపి ప్రీమియము అడుగవలెను. విలువ తగ్గించి ప్రీమియము తగ్గించుట తగ్గింపు కాదు.

ఇక అప్పు. సొమ్ము పోవు పెద్ద గండి యిదియే.

‘నూటికి ఏడు వడ్డీ’ అనగానే మనవాడు సంతోషించును. ఊరిలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ చూచినవాడు గదా! 30 లక్షలకు ఏడు చొప్పున నాలుగేండ్లకు వడ్డీ 8 లక్షల 40 వేలు. అసలుతో కలిపి 48 వాయిదాలుగ పంచిన నెలకు 80 వేలు. లెక్క సరిగనే యున్నట్లు తోచును. కాని రెండేండ్లు గడచునప్పటికి అసలులో చాల భాగము తీరిపోయినను, వడ్డీ మాత్రము మొదటి 30 లక్షలపైననే కట్టుచుందుము. మిగిలిన బాకీపై మాత్రమే వడ్డీ లెక్కించినచో ఈ ‘ఏడు’ నిజముగ పండ్రెండున్నరను దాటును. మన లెక్కలో చెప్పవలెనన్న నూటికి నెలకు రూపాయి మీద ఐదారు పైసలు. అదే 30 లక్షలను తగ్గుచుండు బాకీపై నూటికి పది చొప్పున వేరొక బ్యాంకు ఇచ్చెననుకొనుడు. వాయిదా 76,088 రూపాయలు. మొత్తము వడ్డీ 6 లక్షల 52 వేలు. పేరునకు ఏడుకంటె పది పెద్దది. చెల్లింపులో దాదాపు 1 లక్ష 88 వేలు తక్కువ! ధరలో ఇరువది వేల కొరకు గంటసేపు వాదించి, ఈ సంగతి అడుగక సంతకము చేయుట విచారకరము.

ఇందులకు నివారణ కలదు. 2024 అక్టోబరు 1 తరువాత మంజూరైన వ్యక్తిగత, చిన్న పరిశ్రమల అప్పులకు, బ్యాంకైనను ఫైనాన్సు కంపెనీయైనను, అన్ని ఖర్చులను కలిపి సంవత్సరమునకు నూటికెంత పడునో తెలుపు కాగితమును ముందుగ ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు నియమించినది. అది అప్పు తీసికొనువానికి అర్థమగు భాషలో నుండవలెను. తెలుగులో ఇమ్మని అడుగుడు. ఇంటికి తెచ్చి, లెక్క తెలిసినవానిచే చదివించుకొని, మరునాడు సంతకము చేయుడు. ‘నేడే చేయకున్న బండి మరియొకరికి పోవును’ అని తొందరపెట్టుట అమ్మువాని ధర్మము. తొందరపడకుండుట మన ధర్మము.

ఎద్దుకు పళ్ళవలె లారీకిని వయస్సు తెలియు గురుతు కలదు. అమ్మువాడిచ్చు 21వ నంబరు ఫారములో బండి తయారైన నెలయు సంవత్సరమును వ్రాయబడి యుండును. డిసెంబరులో తయారైన బండిని జనవరిలో కొన్నను, తిరిగి అమ్మునపుడు అది నిరుటి బండియే. మరియొకటి: 2025 అక్టోబరు 1 నుండి తయారగు మూడున్నర టన్నులు దాటిన లారీల డ్రైవరు గదికి ఏ.సి. తప్పనిసరి చేయబడినది. అంతకు ముందు తయారై నిలిచిన బండిని క్రొత్త ధరకు అంటగట్టకుండ చూచుకొనుడు. బరువును గూర్చియు ఒక మాట. 2018 జూలైలో మూడిరుసుల లారీ మొత్తము బరువును 25 టన్నుల నుండి 28 టన్నులన్నరకు పెంచిరి. ఆ బరువులో లారీ సొంత బరువును చేరియున్నది. అమ్మువాడు మొత్తమును ఘనముగ చెప్పును. మనకు బాడుగ వచ్చునది మిగిలిన దానికే.

బయానా ఇచ్చునపుడు రసీదు తీసికొనుట అందరెరుగుదురు. రసీదులో ఏమి యున్నదో చూచుట కొందరే యెరుగుదురు. బండి రకము, ఇచ్చు తేదీ, ఆ తేదీకి ఇయ్యనిచో బయానా తిరిగి ఇత్తుమను మాట, మధ్యలో కంపెనీ ధర పెంచిన ఆ పెంపును ఎవరు భరింతురను మాట యుండవలెను. గిరాకి కాలమున ఈ చివరి మాటయే కీలకము. బండి వచ్చినదని చెప్పినపుడు చాసిసు నంబరు వ్రాయించుకొనుడు. నంబరు లేని బండి ఎవరికైనను పోవచ్చును. వరుస తప్పించి ముందుగ నిచ్చుటకు రసీదు లేని పైసొమ్ము అడిగినచో, ఆ సొమ్మునకు రేపు సాక్ష్యముండదు. కర్నూలు, అనంతపురము, నంద్యాల మూడు చోట్లను ధరపట్టికలు తెచ్చుకొనుట ఒక దినపు బస్సు ఖర్చు. ఒక పట్టణమున రెండు నెలలు ఆగుమన్న రకము మరియొక పట్టణమున నిలిచియుండుట కలదు.

తన బ్రతుకుతెరువునకై తాను నడుపుకొనుటకు లారీ కొన్నవాడు 2019 నాటి చట్టము ప్రకారము వినియోగదారుడే. 50 లక్షల లోపు వెలకు కొన్నచో జిల్లా కమిషనులోనే, తానున్న జిల్లాలోనే, ఫిర్యాదు చేసికొనవచ్చును. ముందుగ 1915 అను నంబరునకు ఫోను చేసి సలహా పొందవచ్చును. కాగితములున్నవానికే ఇవన్నియు.

పాత లారీని మార్పుకు ఇచ్చువారు దాని వెలను వేరుగ, క్రొత్తదాని వెలను వేరుగ మాటలాడవలెను. రెండును కలిపినచో ఒకచేత ఇచ్చి మరియొకచేత తీసికొందురు. ముఖ్యముగ, పాత బండి కాగితములు కొన్నవాని పేరికి మారువరకు మీరు నిదురపోరాదు. రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే యజమానియని 2018లో సుప్రీముకోర్టు తీర్పిచ్చినది. మీరు అమ్మివేసిన లారీ ఎచ్చటనో ప్రమాదము చేసిన, నష్టపరిహారపు నోటీసు మీ గుమ్మమునకు వచ్చును.

బాగుచేయు కర్మాగారము ఎంత దూరమో అడుగుట కూడ బేరములో భాగమే. నెలకు 80 వేల వాయిదా యనగా బండి కదలినను కదలకున్నను దినమునకు సుమారు 2,667 రూపాయలు. విడిభాగము కొరకు పది దినములు నిలిచిన, తగ్గింపుగ సంపాదించిన ఇరువదియారు వేలు హరించును. కావున రెండు బండ్లు సమానముగ తోచినపుడు, మరమ్మతు దగ్గరగ దొరకు దానినే తీసికొనుట నా సలహా.

చివరి వాయిదా కట్టిన తరువాత పని ముగిసినదని పలువురు అనుకొందురు. ముగియలేదు. అప్పిచ్చినవారి యొద్ద బాకీ లేదను పత్రమును, 35వ నంబరు ఫారమును తీసికొని, రవాణా కార్యాలయములో బండి పుస్తకము నుండి వారి పేరు తీసివేయింపవలెను. ఆ వారముననే, తాకట్టు పెట్టిన పొలము దస్తావేజులను, పట్టాదారు పాసుపుస్తకమును అడిగి తెచ్చుకొని, తాకట్టు రిజిస్టరై యున్నచో దాని రద్దును కూడ రిజిస్టరు చేయించి, ఈసీ తీయించి చూచుకొనుడు.