పౌరహక్కుల సంఘములు – ప్రజల చందా

(ఒక పట్టణ గ్రంథాలయ వార్షికోత్సవమున చేయబడిన ఉపన్యాసము)

 

గ్రంథాలయ వార్షికోత్సవమున పుస్తకములను గూర్చి మాట్లాడుట సంప్రదాయము. నేనును నేడొక పుస్తకమును గూర్చియే మాట్లాడనున్నాను. కాని యది మీ బీరువాలలో నున్నది కాదు. అది యొక రశీదు పుస్తకము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా వీధిలోని యొక చేనేత కుటుంబపు కుర్రవానిని దొంగతనము నెపమున ఠాణాకు గొనిపోయిరి. రెండు రాత్రులు గడచినను వానిని మేజిస్ట్రేటు ఎదుట నిలుపలేదు. నిర్బంధింపబడిన వానిని, ప్రయాణకాలము మినహా, 24 గంటలలోపల మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరుపవలెనని మన రాజ్యాంగము 22వ అధికరణమున శాసించుచున్నది. నిర్బంధించినపుడు పత్రము వ్రాయవలెననియు, బంధుమిత్రులకు తెలుపవలెననియు సుప్రీంకోర్టు 1996లో డి. కె. బసు వ్యాజ్యమున ఆదేశించినది. ఇవన్నియు నాకు తెలిసినవే. తెలిసియు ఠాణా మెట్లెక్కుటకు జంకితిని. మూడవనాటి యుదయమున పొరుగూరి నుండి యొక వృద్ధ న్యాయవాది బస్సు దిగి వచ్చెను. ఆయన పౌరహక్కుల సంఘ సభ్యుడు. కేకలు వేయలేదు, ఎవరిని బెదిరింపలేదు. చట్టమును చదివి వినిపించి, అర్జీ వ్రాసియిచ్చి, అందినట్లు సంతకము కోరెను. సాయంకాలమునకు కుర్రవాడు ఇల్లు చేరెను. తల్లి కొంగుముడి విప్పి నోట్లు ఇయ్యబోగా ఆయన వారించెను.

“మరి తమ ప్రయాణపు ఖర్చులు ఎవరిత్తురండీ?” అని నేనడిగితిని. ఆయన సంచిలోనుండి రశీదు పుస్తకము తీసి చూపెను. పది రూపాయలు, ఇరువది రూపాయలు, నూరు రూపాయలు. బడిపంతుళ్లు, బ్యాంకి గుమాస్తాలు, ఒక మందుల దుకాణదారు. ఆ పుటలలో మా వీధివారి పేరొక్కటియు లేదు. నా పేరును లేదు.

ప్రజల హక్కులను కాపాడు సంఘములకు అన్నము పెట్టువారెవరు? నాటినుండి నన్ను వదలని ప్రశ్న యిదియే. ఈ ప్రశ్నను చిన్నదిగా నెంచకుడు. ఎవని యన్నము తిన్న సంఘము వానికి జవాబుదారియగును. ఇది లోకస్వభావము.

ఈ సేవ మనదేశమునకు క్రొత్తది కాదు. 1936లో జవహర్లాల్ నెహ్రూ ప్రోద్బలమున భారత పౌరస్వేచ్ఛా సంఘము స్థాపితమైనది. రవీంద్రనాథ ఠాకూరు గౌరవాధ్యక్షులు. తెలుగింటి కోడలైన సరోజినీ నాయుడు కార్యాధ్యక్షురాలు. పరప్రభుత్వము తొలగినంతనే ఆ పని ముగియునని కొందరు తలచిరి. ముగియలేదు. ఆంధ్రప్రదేశమున 1974లో పౌరహక్కుల సంఘము వెలసినది. కన్నబిరాను వంటి న్యాయవాదులు, బాలగోపాలు వంటి విద్వాంసులు దానికి తమ జీవితములను ధారపోసిరి. వరంగల్లులో పిల్లల వైద్యుడును ఆ సంఘ నాయకుడునైన డాక్టరు రామనాథము 1985లో తన వైద్యశాలలోనే తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఇంతటి మూల్యము చెల్లించిన సేవకు మనము చందాయైన చెల్లింపమైతిమి.

ఈ సేవకు ధనమెందులకని మీరడుగవచ్చును. ఘటన జరిగిన గ్రామమునకు నలుగురు పోయి విచారింపవలెను. బస్సు ఛార్జీ కావలెను. విచారించినది అచ్చువేయవలెను. హైకోర్టున వ్యాజ్యము వేయవలెను. న్యాయవాది ఉచితముగా వాదించినను కాగితము ఉచితముగా రాదు. ఓటరుల పట్టికలో పేరు తొలగింపబడిన కూలివానికి అర్జీ వ్రాసి పెట్టవలెను. గ్రామసభ ఎట్లు జరుగవలెనో చెప్పవలెను. ఇవి చిన్న ఖర్చులే. కాని నిత్యమైన ఖర్చులు.

ఈ ఖర్చునకు మూడు సంచులు కనబడుచున్నవి. ఒకటి ప్రభుత్వ ఖజానా. రెండవది వర్తక సంస్థల ధర్మనిధి. మూడవది విదేశ విరాళము.

ప్రభుత్వపు సంచి సంగతి విస్తరింప నవసరము లేదు. తన్ను ప్రశ్నించువానిని పోషించు ప్రభువు అరుదు. పోషించినను ప్రశ్న మెత్తబడును.

వర్తక సంస్థల సంగతి వినుడు. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము పెద్ద కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు నికరలాభములో నూటికి 2 వంతులు సంఘహితమునకు వెచ్చింపవలెను. ఏయే కార్యములకు వెచ్చింపవచ్చునో చట్టమే జాబితా నిచ్చినది. ఆకలి, విద్య, ఆరోగ్యము, పర్యావరణము, క్రీడలు, ఇవన్నియు అందు గలవు. పౌరహక్కుల రక్షణ యను పేరు మాత్రము కానరాదు. ఉన్నను ఏమి ఫలము? గనికొరకు భూమి కోరు కంపెనీ, ఆ భూమిని విడువనన్న రైతు పక్షమున నిలుచు సంఘమునకు విరాళమిచ్చునా? బడికి బల్లలిచ్చును, సంతోషమే. బడిలోని పిల్లవాడు రేపు ప్రశ్నించుటకు మాత్రము ఇయ్యదు.

ఇక విదేశ విరాళము. ఇచట రెండు తప్పుత్రోవలు గలవు. సముద్రము దాటివచ్చిన ప్రతి రూపాయి విషమేయనుట ఒకటి. అందులో ఏ హానియు లేదనుట మరియొకటి.

మొదటివారికి ఒక సంగతి జ్ఞాపకము చేసెదను. ట్రాన్సువాలులో మోహనదాసు గాంధి భారతీయుల హక్కులకై సత్యాగ్రహము నడుపుచుండగా, 1909లో ఇచటినుండి రతన్ టాటా 25,000 రూపాయలు పంపెను. గోఖలే దేశమంతట చందాలు ప్రోగుచేసెను. దక్షిణాఫ్రికాలోని భారతీయులలో తెలుగు కూలీలును గలరు. అచటి ప్రభుత్వమునకు అది పరదేశపు సొమ్ము కాదా? ఆ సొమ్ము మన దృష్టిలో పుణ్యమైనచో, పేరు మార్చి పాపమని యెట్లు చెప్పుదుము? హక్కుల పరిరక్షణకై ద్రవ్యమును కోరుటకును, పొందుటకును, వినియోగించుటకును ప్రతివానికి హక్కు గలదని ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 1998లో చేసిన ప్రకటనయు వాకొన్నది.

మన చట్టముల త్రోవ వేరుగా నడచినది. విదేశ విరాళముల నియంత్రణ చట్టము 1976లో, అత్యవసర పరిస్థితి కాలమున పుట్టినది. 2010లో దాని స్థానమున క్రొత్త చట్టము వచ్చినది. 2020లో దానిని మరింత బిగించిరి. కార్యాలయపు ఖర్చులకు అంతవరకు నూటికి 50 వంతులున్న పరిమితిని 20 వంతులకు తగ్గించిరి. ఒక సంఘము తాను పొందిన విరాళమును వేరొక సంఘమునకు పంచరాదనిరి. ఢిల్లీలోని స్టేటు బ్యాంకు ప్రధానశాఖలోనే మొదట సొమ్ము పడవలెననిరి. పెద్ద సంఘము చేతినుండి కొంత పొంది పనిచేయుచుండిన చిన్న గ్రామ సంఘములకు దీనిచే దారి మూసికొన్నది. 2022లో సుప్రీంకోర్టు ఈ సవరణలను సమర్థించినది. విదేశ విరాళమును పొందుట ఎవరికిని సంపూర్ణమైన హక్కు కాదన్నది. అదే న్యాయస్థానము 2020లో మరియొక మాటయు చెప్పినది: క్రియాశీల రాజకీయములతో సంబంధము లేని సంఘము, ప్రజల కోర్కెకు తోడుగా బందులో హర్తాళులో పాల్గొన్నంతమాత్రాన దానిని రాజకీయ సంస్థగా నెంచి విరాళమును నిషేధింపరాదని. ఈ రెండు తీర్పులను కలిపి చదువుట న్యాయము.

నియమముండుటను నేను తప్పు పట్టను. సొమ్ము ఎచటినుండి వచ్చినదో, ఎటుపోయినదో ప్రజలు ఎరుగవలెను. కాని యీ నియమము అందరికి నొకటియేనా? రెండు పెద్ద రాజకీయ పక్షములు విదేశ మూలమునుండి విరాళములు గొని చట్టమును ఉల్లంఘించినవని ఢిల్లీ హైకోర్టు 2014లో తేల్చినది. పిదప నేమయ్యెను? 2016లో విదేశ మూలమను పదమునకు అర్థమునే మార్చిరి. 2018లో ఆ మార్పును 1976 వరకు వెనుకకు జరిపిరి. లోకసభలో చర్చ లేకయే అది గడచిపోయినది. గద్దె కోరువానికి తలుపు తెరచి, గద్దెను ప్రశ్నించువానికి గడియ బిగించుట ఏ ధర్మశాస్త్రము? 2020 సెప్టెంబరులో ఆమ్నెస్టీ సంస్థ, తన బ్యాంకు ఖాతాలు స్తంభింపబడుటచే, మనదేశమున పని నిలిపివేసినది. చట్టమును అతిక్రమించిరని ప్రభుత్వము, లేదని సంస్థ వాదించినవి. వాద మెట్లున్నను, ఖాతా ఆగినంతనే పని యాగినదనుట మాత్రము నిర్వివాదము.

ఇందుండియే రెండవ తప్పుత్రోవ వారికి నా జవాబు పుట్టుచున్నది. 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు విదేశ సహాయమును నిలుపుచు ఉత్తరువు చేసెను. ఆ దేశపు ప్రధాన సహాయ సంస్థ జూలైనాటికి మూతపడినది. దానిపై ఆధారపడిన సంఘములు పలుదేశములలో ఒక్కపెట్టున నిరాధారములైనవి. ఆ ప్రజలు ఏ తప్పు చేసిరి? దూరపు చెరువునుండి కాలువ త్రవ్వుకొన్నవాడు తూము ఎవరి చేతిలో నున్నదో చూచుకొనవలెను. మరియు దూరపు దాతకు నివేదిక కావలెను. అదియు అతని భాషలో, అతడు కోరిన గడువులో. ఎన్ని శిక్షణలు జరిగినవి, ఎందరు హాజరైరి యని లెక్క కావలెను. క్రమముగా సంఘ కార్యదర్శి గ్రామస్థుని ముఖమునకంటె దాత ముఖమునే ఎక్కువగా చూచును. ఇది దుర్మార్గము కాదు, బంధనము.

అట్లయిన నాలుగవ సంచి యేది? అది మన జేబు.

అసాధ్యమందురా? రాజస్థానమున 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన యను కూలీల, రైతుల సంఘము పుట్టినది. విదేశపు సొమ్ముగాని సంస్థల విరాళముగాని ముట్టక, ప్రజల చందాతోనే అది నడచినది. కూలి పట్టికలలో చచ్చినవారి పేర్లు, కట్టని భవనముల లెక్కలు గ్రామస్థుల నడుమ బిగ్గరగా చదివి వినిపించినది. 1996లో బ్యావర్ పట్టణమున 40 దినములు ధర్నా జరిపినది. గ్రామములవారు ధాన్యము తెచ్చిరి. పట్టణపు కూరగాయలవారు కూరలిచ్చిరి. దారిన పోవువారు తోచినది ఇచ్చిరి. ఆ యుద్యమపు ఫలమే 2005 నాటి సమాచార హక్కు చట్టము. నేడు మన జిల్లాలలో ఉపాధి హామీ పనులపై జరుగు సామాజిక తనిఖీ ఆ బహిరంగ విచారణల సంతతియే. మనదేశపు పౌరహక్కుల ప్రజాసంఘము, తెలుగునాట మానవహక్కుల వేదిక, ఇవియు సంస్థల విరాళములు గొనక సభ్యుల, మిత్రుల చందాతోనే బ్రతుకుచున్నవి.

ఈ మార్గము తెలుగువారికి పరాయిది కాదు. 1921లో బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘమే, తిలక్ స్వరాజ్యనిధికి జూను 30వ తేదీలోపల కోటి రూపాయలు కూర్పవలెనని తీర్మానించినది. కోటి కూడినది. అందు పెద్దపాలు బొంబాయి నగరమునదే; నిజమే. అయినను అణా యిచ్చినవాడును, చేతిగాజు తీసియిచ్చిన యిల్లాలును, “ఇది నాది” యని చెప్పగలిగిరి. ఆ భావము కోటి రూపాయలకంటె విలువైనది.

మనము పేదలమా? కాము. మన యూర నవరాత్రుల పందిళ్లకు లోటు లేదు. కల్యాణోత్సవమునకు లోటు లేదు. వానిని మానుమని నేననను. హక్కుల సంఘమునకు మనము చేయి చాపకుండుటకు కారణము దారిద్ర్యము కాదు. దాని పేరు భయము. నాయనుభవమే చెప్పెదను. ఆ వృద్ధ న్యాయవాదికి నేను నాడు నూరు రూపాయలిచ్చి, “పేరు వలదండీ, శ్రేయోభిలాషి యని వ్రాయుడు” అంటిని. ఆయన నవ్వి యిట్లనెను: “నీ నూరు రూపాయలు బస్సుకు చాలును నాయనా. ఠాణాలో చాలునది నీ పేరే.”

ఆ మాటకు అర్థము నాకు తరువాత తెలిసినది. చందా కేవలము ధనము కాదు; సాక్ష్యము. ఒక్క దాత గల సంఘమును ఒక్క యుత్తరువుతో ఆపవచ్చును. వేయిమంది చందాదారులు గల సంఘమును ఆపవలెనన్న వేయి యిండ్లకు జవాబు చెప్పవలెను. సంఘములుగా నేర్పడుట 19వ అధికరణము మనకిచ్చిన హక్కు. వాడని హక్కు తుప్పుపట్టును. ప్రజాస్వామ్యమున పాల్గొనుటయన ఐదేండ్లకొకసారి వ్రేలికి సిరా పూయించుకొనుట మాత్రమే కాదు. నెలకొకసారి రశీదుపై పేరు వ్రాయించుకొనుటయు.

సంఘములవారికిని ఒక మాట. ఇతరుల లెక్కలడుగువారు తమ లెక్కలు ముందుగా చూపవలెను. ఏటేట జమాఖర్చు ఈ గ్రంథాలయపు గోడకు అంటించుడు. చందాదారులను సభకు పిలిచి, వారు మందలించిన వినుడు. పోలీసు అత్యాచారమునే కాక, ఎవరి దౌర్జన్యమైనను, తమవారిదైనను, ఖండించు ధైర్యము చూపుడు. అపుడే చందా నిలుచును.

ప్రభుత్వమును మనము కోరవలసినది భిక్ష కాదు, సమనీతి. పక్షములకు నొక త్రాసు, ప్రజాసంఘములకు వేరొక త్రాసు వలదని గట్టిగా అడుగుదము. కాని ఆ త్రాసు సరియగువరకు చేతులు ముడుచుకొని కూర్చుండవలదు.

ఆ న్యాయవాది నేడు లేరు. మా వీధి కుర్రవాడు మగ్గముపై పనిచేసికొనుచున్నాడు. ఈ సభలోనే వెనుక వరుసలో కూర్చున్నాడు. సంఘమువారి రశీదు పుస్తకము అధ్యక్షులవారి బల్లపై నున్నది. మొదటి రశీదు ఆ కుర్రవానిది. రెండవది నాది, ఈసారి పేరుతో. మూడవ రశీదు ఇంకను వ్రాయలేదు.